అరంగుళం మార్జిన్

ఆదివారం పొద్దున టైలరు వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. పదకొండింటికల్లా ఇంటి ముందున్న లాన్‌ను దువ్వడం, ఒంటిగంటకల్లా ఊడ్చి నీళ్లు పెట్టడం, నాలుగింటికి ఓనరమ్మ వచ్చేసరికి తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడటం. ఎప్పటిలాగే ఈ పథకాన్ని కూడా ఆయన బట్టల మీద గీసే సుద్దతో కత్తిరింపు బల్ల అంచున రాసిపెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆ సుద్దరాత చెక్కుచెదరలేదు. పథకం మొత్తంలో చెక్కుచెదరనిది అదొక్కటే.

ఓనరమ్మ ఒకప్పుడు హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. ఇప్పుడు ఊరి అవతలి కొసన కూతురి దగ్గర ఉంటున్నారు. కిందటి నెల వచ్చినప్పుడు లాన్ మీద నాలుగడుగులు వేసి, ఆగి, గొడుగు కొనతో రెండు చోట్ల పొడిచి చూసి, పరుపు మీద నడుస్తున్నట్టుందేమిటన్నారు. పోసిన నీళ్లు లోపలికి దిగడం లేదని, గడ్డికి పసుపు రంగు తిరుగుతోందని, పోయిన తన భర్తే ఉంటే ఇది చూసి భోజనం మానేసేవారని కూడా అన్నారు. నెలాఖరుకి అద్దె ఒప్పందం అయిపోతుంది. ఆలోగా లాన్ బాగుపడితే సరే, లేకపోతే ఇల్లు అడుగుతున్నవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకు సొంత తోటమాలి కూడా ఉన్నాడు. ఇదంతా ఆవిడ గొంతు పెంచకుండానే చెప్పారు. ముప్ఫై ఏళ్లు బడి నడిపినవాళ్లకు గొంతు పెంచే అవసరం రాదు.

టైలరుకి ఆ ఇల్లంటే ప్రాణం. ఇల్లంతా అని కాదు, ముందు గది. ఆ గదికి ఉత్తరపు వైపు పెద్ద కిటికీ ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కిటికీలోంచి ఒకే తీరు వెలుతురు వస్తుంది, నల్లబట్ట మీద నల్లదారం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పదిహేనేళ్లుగా ఆయన ఆ వెలుతురులోనే కత్తిరించాడు, ఆయన భార్య ఆ వెలుతురులోనే కాజాలు కుట్టింది. ఇంకో ఇంట్లో తన చేతికి పని లొంగుతుందని ఆయనకు నమ్మకం లేదు. చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు గానీ, ఈ నెలరోజులూ ఆయనకు కంటినిండా నిద్ర లేదు.

పోయిన ఓనరుగారి గురించి కూడా చెప్పాలి. ఆయన ఒక కంపెనీలో స్టోర్‌కీపరుగా చేశారు. వస్తువు కనిపిస్తే చాలు, దాని వెనక పెయింటుతో నాలుగు ముక్కలు రాసిపెట్టడం ఆయన అలవాటు. గోడ గడియారం వెనక 'నెలకు మూడు నిమిషాలు ముందుకు పరిగెత్తును' అని ఉంది. వంటింటి తలుపు వెనక 'వానాకాలం బిగుసును, తన్నవద్దు' అని ఉంది. షెడ్డులోని గడ్డి కోసే మోవర్ పిడి అడుగున 'ముందు చక్రం నట్టు వదులు, నమ్మవద్దు' అని ఉంది. టైలరు దంపతులు ఇన్నేళ్లూ ఆ రాతలు చదువుకుంటూ, ఆయన మాట జవదాటకుండా కాపురం చేశారు. బతికున్నన్నాళ్లు ఆయన ప్రతి ఆదివారం వచ్చి తనే గడ్డి కోసుకుని వెళ్లేవారు, దాని మీద ఇంకొకర్ని కాలు పెట్టనిచ్చేవారు కాదు, కట్టుకున్న భార్యను కూడా. విచిత్రమేమిటంటే, గోడకున్న మేకుల గురించి కూడా రాసిన మనిషి ఆ లాన్ గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. లాన్ మధ్యలో దిండంత మేర, ఎన్ని నీళ్లు పోసినా, ఏటా వేసవిలో గడ్డి ఎందుకు ఎండిపోతుందో కూడా రాయలేదు.

ఎనిమిదింటికి బావమరిది వచ్చాడు. అతను తోట పనిముట్లు అమ్మే షాపులో సేల్స్‌మన్. వస్తూనే వంటింటి చాకు పట్టుకెళ్లి, లాన్ అంచున చిన్న ముక్కను కేకు కోసినట్టు కోసి అక్కకూ బావకూ చూపించాడు. పైన పచ్చగడ్డి, అడుగున మట్టి, మధ్యలో ఒకటిన్నర అంగుళం మందాన గోధుమరంగు పీచులాంటి పొర. ఏళ్ల తరబడి చచ్చిన కాడలూ వేళ్లూ పేరుకుపోతే అలా తయారవుతుందని, షాపులో దాన్ని థాచ్ అంటారని, అరంగుళం దాకా ఉంటే మంచిదేనని, అంతకు మించితే నీళ్లూ గాలీ కిందకు దిగవని వివరించాడు. తర్వాత సంచిలోంచి ఒక ఇనుప కడ్డీ తీశాడు. దానికి రెండు కొసల్లోనూ వేలెడు పొడవున వంగిన స్ప్రింగు తీగలున్నాయి. మోవర్‌కి మామూలు బ్లేడు విప్పేసి ఈ కడ్డీ బిగిస్తే, అది గిర్రున తిరుగుతూ దువ్వెనలా ఆ ఎండుపొరను పైకి లాగేస్తుంది. కొనేవాళ్లకు చూపించడానికి షాపులో ఉంచిన కడ్డీ అది, సాయంత్రం ఐదింటికి వచ్చి పట్టుకెళ్లిపోతానన్నాడు.

"బావా, ఈ స్ప్రింగు కొన నేలకి తగిలీ తగలనట్టు ఉండాలి. అంతే. ముందు ఓ మూల చిన్న ముక్క మీద నడిపి చూసుకో. గడ్డి వేళ్లతో సహా వస్తోందంటే వెంటనే ఎత్తు పెంచెయ్. గుర్తుంటుంది కదా?"

టైలరు "ఊఁ" అన్నాడు.

ఈ 'ఊఁ' సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ముప్ఫై ఏళ్లుగా పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసిన మనిషి కావడంతో టైలరు నోరు తెరిచి జవాబివ్వడం ఎప్పుడో మానేశాడు. శుక్రవారానికి అవుతుందా అంటే ఊఁ. నడుం దగ్గర బిగుతైందా అంటే ఊఁ. ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకుని సంతోషంగా వెళ్లిపోయేవారు. నోట్లో సూదులు లేని ఆదివారాల్లో కూడా ఆయనకు ఆ అలవాటు పోలేదు.

బావమరిది వెళ్లాక ఆయన మెడలోని టేపు తీసి, మోవర్ పక్కన బోర్లా పడుకుని, స్ప్రింగు కొనకూ నేలకూ మధ్య దూరం కొలిచాడు. చక్రాల ఎత్తు మార్చి కొన నేలకు సరిగ్గా తగిలేలా పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. కానీ ఆయన టైలరు. నడుం ముప్ఫై నాలుగంటే ముప్ఫై నాలుగుకే కత్తిరించేవాణ్ణి ఆయన టైలరుగా లెక్కే వేయడు. లోపల అరంగుళం మార్జిన్ వదలాలి, రేపు మనిషికి ఒళ్లొస్తే విప్పి వదులు చేసుకోవచ్చు. మార్జిన్ వల్ల పాడైన బట్టను ఆయన ఇంతవరకూ చూడలేదు. అందుకని చక్రాలను ఇంకో రెండు మెట్లు కిందకు దింపి, కొలతకు అరంగుళం మార్జిన్ కలిపాడు. చిన్న ముక్క మీద నడిపి చూసుకోమన్న మాట ఆయనకు గుర్తుంది. గుర్తుండబట్టే, మొదటి వరసను ట్రయల్ అనుకుందామని గేటు దగ్గర మొదలుపెట్టి మెట్ల దాకా వెళ్లిపోయాడు.

మోవర్ బ్రహ్మాండంగా పనిచేసింది. వచ్చిన చిక్కల్లా అదే. అది నడిచిన దారంతా గోధుమరంగు పీచు గుట్టలుగా పైకి లేచింది. ఇన్నాళ్లూ ఇంత చెత్త కాళ్ల కింద పెట్టుకుని బతికామా అని ఆయన ముచ్చటపడ్డాడు. నిలువు వరసలు అయ్యాక అడ్డం వరసలు మొదలుపెట్టాడు. గుట్టల మధ్య అక్కడక్కడా పచ్చగా ఏదో కనిపించింది గానీ, బట్ట కత్తిరించేటప్పుడు పేలికలు రాలవా ఏమిటి అనుకున్నాడు. గుట్టల కింద నేల ఎలా ఉందో చూడాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. పదిన్నరకు, లాన్ మధ్యలో ఏటా ఎండిపోయే ఆ దిండంత చోటు దాటుతుండగా, అడుగున ఠంగుమంది. మోవర్ ఒళ్లంతా వణికి ఆగిపోయింది.

పక్కకు వాల్చి చూస్తే కడ్డీకి ఒకవైపే స్ప్రింగు ఉంది. రెండోది లేదు. గిర్రున తిరిగే దాంట్లోంచి ఊడిన తీగ ఎంత దూరమైనా ఎగిరిపోగలదు. దొరక్కపోతే ఐదింటికి బావమరిదికి ముఖం చూపించలేడు, అంతకన్నా ముందు నాలుగింటికి ఓనరమ్మ కాలికి గుచ్చుకుందంటే ఇల్లు ఖాళీ చేయడానికి నెలాఖరు దాకా ఆగక్కర్లేదు. టైలరు మోకాళ్ల మీద కూలబడి ఒక గుట్టను రెండు చేతులతో పక్కకు తోశాడు. కింద గడ్డి లేదు. ఇంకో గుట్టను తోశాడు. అక్కడా మట్టే, దాని మీద సుద్దతో గీసినట్టు నిలువూ అడ్డం గీతలు. గుట్టలోంచి ఒక పచ్చటి పోచ పట్టి లాగితే బెత్తెడు వేళ్లతో సహా చేతికొచ్చింది. బట్టయితే మార్జిన్ విప్పి సరిచేసేవాడు. ఇక్కడ విప్పడానికి ఏమీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే ప్రహరీ గోడ మీద రెండు మోచేతులు వెలిశాయి. అవి పక్కింటి పోస్టుమాస్టరువి. ఆయన రిటైరై ఎనిమిదేళ్లయినా వార్తలు బట్వాడా చేయడం మానలేదు. ప్రతి ఆదివారం పన్నెండింటికి ఓనరమ్మకు ఫోన్ చేసి కుశలం అడగడం, ఆ వంకన ఈ ఇంటి సంగతులన్నీ చెవిన వేయడం ఆయనకు నియమం. టైలరుకి ఆ విషయం తెలుసు. అందుకే ఏం వెతుకుతున్నారని పోస్టుమాస్టరు అడిగితే ఏమీ లేదండి అని నీళ్లు నమిలాడు.

ఏమీ లేకుండా మనిషి మోకాళ్ల మీద పాకడు కదా అన్నది పోస్టుమాస్టరు వాదన. విలువైన వస్తువా అని అడిగారు. అరువు తెచ్చిన తీగ విలువైనదే కాబట్టి టైలరు "ఊఁ" అన్నాడు. చిన్నదా అంటే మళ్లీ "ఊఁ". పోస్టుమాస్టరు గొంతు తగ్గించారు.

"బంగారమా?"

టైలరుకి ఆ క్షణంలో చేతిలో ఉన్న గడ్డి వేళ్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. అలవాటు చొప్పున "ఊఁ" అన్నాడు.

ఐదు నిమిషాల్లో పోస్టుమాస్టరు జల్లెడతో వచ్చారు. ఆయన వెనక ఆయన భార్య వచ్చింది. ఎదురింటి డ్రైవరు వచ్చాడు, అతని వెనక వీధిలోవాళ్లు ఇంకొందరు వచ్చారు. ప్యాంటు ట్రయల్ కోసం వచ్చిన ఖాతాదారు ఒకాయన సంగతి విని, చేతిసంచి మెట్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడుచుకున్నాడు. టైలరు రెండు గంటలు కష్టపడి చేసిన గుట్టలన్నిటినీ పదకొండుమంది కలిసి పావుగంటలో మళ్లీ లాన్ నిండా పరిచేశారు. ఒక్కొక్క పీచూ విదిలించి, జల్లించి, పక్కకు విసిరారు. అసలు వెతుకుతున్నది ఏమిటో చెప్పడానికి టైలరు రెండుసార్లు నోరు తెరిచాడు గానీ, తన కోసం ఒళ్లు వంచుతున్న ఇంతమందితో అది తీగముక్క అని చెప్పడానికి నోరు రాలేదు.

ఈ గొడవంతా వంటింట్లో ఉన్న భార్యకు ఆలస్యంగా తెలిసింది. పోస్టుమాస్టరు భార్య లోపలికి వెళ్లి, బాధపడకమ్మా, బంగారం ఎక్కడికీ పోదు, దొరుకుతుందని ఓదార్చింది. టైలరు భార్య కంగారుగా వేలు చూసుకుంది, మెడ తడుముకుంది, చెవులు పట్టుకు చూసుకుంది. ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నావన్నీ నా ఒంటి మీదే ఉన్నాయి పిన్నిగారూ అంది. ఆ మాట పోస్టుమాస్టరు భార్య వెంటనే బయటికి మోసుకుపోయింది. టైలరు భార్యకు మాత్రం అక్కడే వేరే ఆలోచన తట్టింది. తన దగ్గర ఉన్నవి ఉన్నట్టే ఉంటే, ఆయన పోగొట్టుకున్నది తన దగ్గరికి ఇంకా రానిదై ఉండాలి. వచ్చే నెలతో పెళ్లయి పాతికేళ్లు నిండుతాయి. పాతికేళ్లలో ఒక్కసారి కూడా చెప్పకుండా ఏదీ కొనని మనిషి, మొదటిసారి కొని, గడ్డిలో పడేసుకున్నాడన్నమాట. ఆవిడకు కళ్లు చెమ్మగిల్లాయి.

కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. రెండో కాఫీ ఆ ఇంట్లో పండక్కి కూడా దొరకదు.

"నాకోసమేనా?" అంది మెల్లగా.

ఇల్లు పోకూడదని పడుతున్న పాట్లు ఆమె కోసం కాక ఎవరి కోసం. టైలరు "ఊఁ" అన్నాడు. పోతే పోయిందిలెండి, మీరు అనుకున్నారు, అది చాలు అంది ఆవిడ. ఇల్లు పోతుందంటే ఇంత తేలిగ్గా తీసుకుంటుందేమిటని ఆయన నిర్ఘాంతపోయాడు. ఆవిడ అందరికంటే ఎక్కువ హుషారుగా వెతకడం మొదలుపెట్టింది.

గోడ దగ్గర పోస్టుమాస్టరు ఇంకో లెక్క కడుతున్నారు. ఇంటావిడ బంగారం ఇంటావిడ ఒంటి మీదే ఉంది. మరి గడ్డిలో ఉన్నది ఎవరిది? ఎవరి గడ్డి అయితే వాళ్లది. నియమం ప్రకారం పన్నెండింటికి ఆయన ఓనరమ్మకు ఫోన్ చేశారు. మీ లాన్‌లో బంగారం ఉందట, టైలరుగారు తవ్వుతున్నారు, నేను దగ్గరుండి చూసుకుంటున్నాను అని చెప్పారు.

నాలుగింటికి రావలసిన ఓనరమ్మ ఒంటిగంటకే గేటు తీసుకుని వచ్చారు. ఆవిడ చూడకూడనిదంతా ఆవిడ కళ్లెదుటే ఉంది. గడ్డి లేని లాన్, దాని మీద పరిచిన పీచు, పీచు మీద పదకొండుమంది. టైలరు లేచి నిలబడ్డాడు. మొదటి మాట ఏం వస్తుందో, ఆ మాటతో తన కిటికీ ఎలా పోతుందో ఎదురుచూశాడు.

"ఎక్కడ?" అన్నారు ఓనరమ్మ.

గడ్డి ఎక్కడని అడుగుతున్నారనుకుని టైలరు తలదించుకుని కాళ్ల కిందకు చూపించాడు. ఆవిడ ఆ చోటు చూసి తలూపారు. చాలా ఏళ్లుగా చిక్కుపడిన ముడి ఏదో విడిపోయినట్టు ఆవిడ ముఖం మారింది.

"ఇదన్నమాట. పెళ్లయిన రెండో ఏడు నుంచి నన్ను కూడా దీని మీద కాలు పెట్టనివ్వలేదు ఆయన. గడ్డి మీద ప్రేమ అనుకున్నాను. దీని కిందే పెట్టారన్నమాట ఏదో."

టైలరు అసలు సంగతేమిటంటే అని మొదలుపెట్టాడు. ఆవిడ అరచెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి ముందు ముప్ఫై ఏళ్లపాటు కొన్ని వేలమంది నోరు మూసుకున్నారు. ఆయనా మూసుకున్నాడు. ఆవిడ గొడుగుతో లాన్ మధ్యలోని దిండంత చోటు చూపించి, ఇక్కడ గడ్డి ఎప్పుడూ సరిగ్గా రాదు కదా అని అడిగారు. టైలరు "ఊఁ" అన్నాడు. ఆ రోజు ఆయన అన్న 'ఊఁ'లలో పూర్తిగా నిజమైనది అదే.

తవ్వండి అన్నారు ఓనరమ్మ. నమ్మకస్తుడు కాబట్టి అసలు చోటు పోస్టుమాస్టరుకి అప్పగించారు. లోపల పెట్టె ఉంటే గీతలు పడతాయని ఆయన పార వద్దని, చిన్న తాపీ తెప్పించుకుని, ఆ చోటుకు కాస్త ఎడంగా మొదలుపెట్టి, చెంచాడు చెంచాడు మట్టి తీయసాగారు. ఆ నత్తనడక చూడలేక మిగతా పదిమందీ తలో మూలా పట్టుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఒకరు తవ్వితే పక్కవాళ్లు ఊరుకోలేరు. మూడింటికల్లా గేటు నుంచి మెట్ల దాకా జానెడు లోతున నేలంతా తిరగబడింది. టైలరు కూడా పార పట్టుకుని తవ్వాడు. తను పీకేసిన గడ్డి ఆనవాలు కూడా మిగలకుండా పోతుంటే ఆయనకు ఒక పక్క ప్రాణం లేచొచ్చింది, ఇంకో పక్క సిగ్గు ముంచుకొచ్చింది. ఇది ఇలాగే జరిగిపోతే తన తప్పు ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఆయన ఓనరమ్మ ముఖం చూడలేకపోయాడు.

మూడుంబావుకు పోస్టుమాస్టరు తాపీ కింద లోహపు శబ్దం వచ్చింది. అందరూ పారలు వదిలేసి చుట్టూ మూగారు. ఆయన మట్టి తుడిచి, ఒక పలచటి ఇనుప రేకును పైకి లేపారు. దాని కింద పెట్టె లేదు, ఏమీ లేదు. రేకు ఒక మూల వంగి పైకి లేచి ఉంది, ఆ మూలనున్న రంధ్రంలో టైలరు స్ప్రింగు ఇరుక్కుని ఉంది. రేకు మీద ఎర్రటి పెద్ద అక్షరాలను పోస్టుమాస్టరు కూడబలుక్కుని చదివారు.

"గడ్డి మీద నడవరాదు."

పదకొండుమందీ గబగబా దిగి పక్కనున్న సిమెంటు బాట మీదికి వెళ్లి నిలబడ్డారు. తాము దిగిన చోట గడ్డే లేదన్న సంగతి కాసేపటికి గానీ ఎవరికీ తట్టలేదు.

ఓనరమ్మ మాత్రం కదల్లేదు. రేకు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. వెనక తెల్ల పెయింటుతో చిన్న చిన్న అక్షరాలున్నాయి. ఆ చేతిరాత ఆవిడకు తెలుసు. ఈ ఇంట్లో గడియారానికీ తలుపుకీ ఉన్న రాతే. కళ్లజోడు తొందరలో ఇంట్లో మరిచిపోయానని, చదవమని టైలరుకి అందించారు.

టైలరు ముందు తనలో తాను చదువుకున్నాడు. ఏం రాశారని ఆవిడ మళ్లీ అడిగారు. ఇప్పుడు 'ఊఁ' అంటే కుదరదు. బోర్డు పాతదైపోయింది, అక్షరాలు చెరిగిపోయాయి అంటే చాలు, కిటికీ మిగులుతుంది. ఆయన ఒకసారి ముందు గది వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ లేనంత స్పష్టంగా నోరు తెరిచి చదివాడు.

"స్ప్రింగు కొన నేలకు తగిలితే చాలును. నేను మరికొంచెం దింపితిని. మొత్తం గడ్డి పోయినది. విత్తనం చల్లితిని. మూడు నెలలు ఎవరినీ రానివ్వరాదు. ఆవిడ ట్రైనింగు నుంచి వచ్చేలోగా మొలవవలెను."

టైలరు రేకు కిందపెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"నేను అరంగుళం దింపానండి. మీరు రాకముందే గడ్డంతా పోయింది. బంగారం లేదు, ఏం లేదు. నేను వెతికింది ఈ తీగ కోసం. ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

పోస్టుమాస్టరు జల్లెడ వెనక్కి దాచుకున్నారు. టైలరు భార్య భర్త వైపు ఒక చూపు చూసి, ఖాళీ కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఓనరమ్మ చాలాసేపు ఆ తెల్ల అక్షరాలను వేలితో తడుముతూ ఉండిపోయారు. తర్వాత ఆవిడ చెప్పింది టైలరుకి కాదు, ఎవరికీ కాదు. ఆ మూడు నెలలు తను ట్రైనింగుకి వేరే ఊరు వెళ్లారట. తిరిగొచ్చిన రోజు, ఈ బోర్డును అప్పటికే మట్టిలో దాచేసి కాబోలు, ఆయన తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారట. నన్ను చూడాలని అంత ఆత్రమా అని తను మురిసిపోయారట. గడ్డి కొత్తది, తొక్కితే పోతుందని తెలియక, ఆయన ఆపితే కోపం తెచ్చుకున్నారట. ఒకసారి ఆపాక ఆ మాట వెనక్కి తీసుకోలేక, పాపం, ఆయన జీవితమంతా ఆపుతూనే ఉన్నారు.

ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో దూరం నుంచి తెలియలేదు. దగ్గరున్న టైలరుకి తెలిసింది. రెండూ.

"మూడు నెలలని ఆయనే రాశారు కదా. మీరూ విత్తనం చల్లండి. ఆ తోటమాలి ఉన్నవాళ్లని రమ్మంటే మాత్రం, చూపించడానికి లాన్ ఏదీ? కాగితాలు పట్టుకురండి, సంతకం పెట్టేసి వెళ్తాను."

సంతకం కత్తిరింపు బల్ల మీదే జరిగింది. రెండేళ్లకు రాయమని ఆవిడే అన్నారు. ఆవిడ పెన్ను ఆనించిన చోటికి బెత్తెడు దూరంలో సుద్దతో రాసిన మూడు పనులూ అలాగే ఉన్నాయి. మూడోది చదివి, కళ్లజోడు లేకపోయినా పెద్ద అక్షరాలు కనిపిస్తాయిలెండి అని, ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

ఐదింటికి బావమరిది వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. ఎదురుగా విత్తుకోవడానికి సిద్ధంగా ఉన్న పొలం ఉంది. చిన్న ముక్క మీద చూసుకోమన్నాను కదా బావా అన్నాడు. చూశానన్నాడు టైలరు. వంగిపోయిన స్ప్రింగును బావమరిది సుత్తితో సరిచేసుకుని, షాపులో ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం కాఫీ టైలరు తనే కలుపుకున్నాడు. పాతికేళ్లు నిండే రోజుకి ఏం కొంటున్నారని భార్య తలుపు దగ్గర నిలబడి అడిగినప్పుడు, వెనకటిలా 'ఊఁ' అనే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఏ షాపుకి ఎన్నింటికి వెళ్లాలో ఆవిడ దగ్గరుండి నోటితో చెప్పించుకుంది.

మర్నాడు విత్తనాలు చల్లి, నీళ్లు పెట్టి, రేకు మూల సరిచేసి, కొత్త కర్రకు మేకులు కొట్టి లాన్ మధ్యలో నిలబెట్టాడు. పాతే ముందు దాని వెనక, ఓనరుగారి తెల్ల అక్షరాల కింద, తెల్ల పెయింటుతోనే 'నేనూ' అని రాసి తేదీ వేశాడు. ఆ కింద, తర్వాత అద్దెకు వచ్చేవాళ్ల కోసం, అరంగుళం మార్జిన్ వదిలాడు.